కన్ను వదిలెయ్

ప్లాన్ వెయ్యడంలో సాయిసుధను మించినవాళ్లు గౌతమ్‌నగర్ మొత్తంలో లేరు. చదవడంలో మించినవాళ్లు మాత్రం సందుకి నలుగురున్నారు. ఆ సంగతి సుధకి తెలియక కాదు. తెలిసిందల్లా బయటికి చెప్పుకోవాలని రూలేమీ లేదు కదా.

గౌతమ్‌నగర్ ఢిల్లీలో ఓ ఇరుకుపేట. ఒకదాన్నొకటి రాసుకునేలా కట్టిన మేడలు, ప్రతి అంతస్తులో అద్దెగదులు, గదికి ఇద్దరేసి కాబోయే డాక్టర్లు. కిర్గిజ్‌స్థాన్‌లోనో జార్జియాలోనో వైద్యం చదివొచ్చినవాళ్లు మన దేశంలో ఒక మందుచీటీ రాయాలంటే ముందు లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. మూడువందల ప్రశ్నలు. సగానికి సగం, అంటే నూటయాభై తెచ్చుకుంటే చాలు. ర్యాంకుల్లేవు, సీట్ల కోసం కొట్లాట లేదు, ఎందరు గట్టెక్కితే అందరూ డాక్టర్లే. ఇంత ధర్మంగా ఉన్న పరీక్షలో కూడా ప్రతిసారీ తేలేవాళ్ల కంటే మునిగేవాళ్లే ఎక్కువ. సుధ అప్పటికే ఒకసారి మునిగి లేచింది.

మునగడానికి కారణం బద్ధకం అని ఒప్పుకుంటే పరువు తక్కువ. అందుకని బాగా ఆలోచించి ఒక గౌరవప్రదమైన కారణం కనిపెట్టింది. ప్లాన్ మార్చడం. "నేను ఫెయిలయింది చదవక కాదే. మాటిమాటికీ ప్లాన్ మార్చడం వల్ల. ఒకసారి వేసేక చచ్చినా మార్చకూడదు" అని గదిలో తనతో ఉండే కావేరికి చెప్పింది. చెప్పగా చెప్పగా తనే నమ్మేసింది.

సుధది తణుకు. కావేరిది జనగామ దగ్గర పల్లె. ఇద్దరూ బిష్కెక్‌లో ఒకే కాలేజీలో చదివారు, సుధ ఒక ఏడాది ముందు. అక్కడ గడ్డకట్టిన రోడ్డు మీద జారిపడకుండా ఎలా నడవాలో, రష్యన్‌లో ఉప్పు ఏమని అడగాలో కావేరికి నేర్పింది సుధే. దాంతో కావేరికి సుధక్క మాటంటే మాటే. ఏం చెప్పినా "గట్లనే అక్కా" అనేది. ఆ "గట్లనే" చెవిన పడుతుంటే సుధకి ఎంత హాయిగా ఉండేదో. పరీక్ష తప్పిన మనిషికి తన మాట వేదంలా వినే మనిషి దొరికితే అంతకంటే భోగం ఏముంటుంది?

కావేరి వాళ్ల నాన్న లక్ష్మీపతి ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు. జ్వరానికో మాత్ర, నడుంనొప్పికో సూది ఇచ్చి, అంతకు మించిందయితే ఆటో ఎక్కించి జనగామ ఆసుపత్రికి పంపేస్తాడు. డిగ్రీ లేదు గానీ ఊరంతా డాక్టర్ సాబ్ అనే పిలుస్తుంది. ఆ పిలుపు ఆయనకి ఎక్కడో లోపల గుచ్చుకుంటూనే ఉండేది. అందుకే కూతుర్ని అంత దూరం పంపి చదివించాడు. "ఇంకొన్నాళ్లు ఆగుండ్రి, అసలు డాక్టర్ వస్తది. ఈ నకిలీ దుకాణం బంద్ వెడ్త" అని తన దగ్గరికొచ్చే రోగులతో నవ్వుతూ అంటాడట. ఈ మాట చెప్పి కావేరి కూడా నవ్వేది. నవ్వాక కాసేపు ఊరికే గోడకేసి చూస్తూ కూర్చునేది.

ఇక ప్లాన్ సంగతి. సబ్జెక్టులన్నీ ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. తన వాటాలో ఉన్నది సుధ చదివి కావేరికి చెప్పాలి, కావేరి చదివి సుధకి చెప్పాలి. చెబితే చెప్పినవాళ్లకీ గుర్తుంటుంది, విన్నవాళ్లకీ సమయం కలిసొస్తుంది. ఇది సుధ ఆలోచనే, మంచి ఆలోచనే. రంగురంగుల స్కెచ్ పెన్నులతో చార్టు గీసి గోడకంటించింది. పక్కగది అమ్మాయిలు వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. ఆ గీతలు గీసే సమయంలో ఓ చిన్న సబ్జెక్టు పూర్తయిపోయేది. ఆ ముక్క ఎవరూ అనలేదు, సుధకీ తట్టలేదు.

ఆఫ్తల్మాలజీ అని నోరు తిరగని పేరున్న సబ్జెక్టుని అక్కడి తెలుగు పిల్లలంతా కన్ను అనేవారు. కన్ను సుధ వాటాకి వచ్చింది. తంటా అక్కడ మొదలైంది.

సుధకి కన్నంటే మొదటినుంచీ పడదు. కిరణాలు, కటకాలు, అన్నీ ఒకేలా కనబడే బొమ్మలు. పుస్తకం తెరిస్తే నిద్ర, మూస్తే దిగులు. రేపు, ఎల్లుండి అని నెట్టుకుంటూ వచ్చింది. డిసెంబరు చలి మొదలయ్యేసరికి చార్టు ప్రకారం కన్ను అయిపోవాలి. సుధ ఒక్క పేజీ తిప్పలేదు. ఓ సాయంత్రం కావేరి రెండు గ్లాసుల్లో టీ పోసి, రజాయి కప్పుకుని, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇయ్యాల కన్ను చెప్త అన్నవు గదక్కా."

సుధకి నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. చదవలేదే అని ఒక్క మాట అంటే పోయేది. కావేరి నవ్వేసి, ఇద్దరం కలిసి చదువుదాం పా అనేది. ఆ ఒక్క మాట గొంతు దాటి రాలేదు. దానికి బదులు, తనకే ఆశ్చర్యం వేసేంత తాపీగా వేరే మాట వచ్చింది.

"కన్ను వదిలెయ్."

"వదిలేసుడా? మొత్తమా?"

"మొత్తమే. చదవాల్సింది కొండంత, వచ్చే మార్కులు గోరంత. అన్నీ చూసే చెబుతున్నాను. ఆ టైములో మందుల సబ్జెక్టు ఇంకోసారి తిప్పుకో, నాలుగు మార్కులొస్తాయి."

కావేరి పెన్ను మూత పెట్టలేదు. "నిజంగనేనా అక్కా? నాకెందుకో భయమైతుంది."

"ప్లాన్ ఎవరిదే?"

"నీదే."

"మరింకేంటి?"

"గట్లనే" అంది కావేరి. కంటి పుస్తకాన్ని మంచం కిందికి తోసేసింది. టీ తాగుతూ వేరే కబుర్లలో పడ్డారు.

చూశారా, ఎంత సులువుగా అయిపోయిందో. చదవలేదని చెప్పుకోలేక చదవక్కర్లేదని చెప్పింది. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అన్నారా? పైగా ఆ రోజు సుధకి పెద్దగా బాధ కూడా కలగలేదు. ఇద్దరం వదిలేశాం కదా, ఇద్దరికీ ఒకటే న్యాయం అనుకుని కంటినిండా నిద్రపోయింది.

పరీక్ష దగ్గరపడ్డాక కథ మారింది. గౌతమ్‌నగర్‌లో లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు, నెలకింత అని ఇచ్చి కుర్చీలో కూర్చుని చదువుకునే హాలు. దాని కింద టీ బండి. అక్కడ రఘునందన్ అనే వైజాగ్ కుర్రాడు ఎవరితోనో అంటున్నాడు.

"ఈ మధ్య కన్ను మీద వాయించేస్తన్నారు కదరా. బొమ్మలిచ్చి మరీ అడుగుతన్నారు. నేను రెండుసార్లు తిప్పీసేను. చదివితే బంగారంలాటి మార్కులు."

సుధ చేతిలో గ్లాసు చల్లారిపోయింది. వెంటనే గదికి నడిచింది. దారి పొడుగునా ఒకటే అనుకుంది, వెళ్లగానే చెప్పేస్తాను, ఇంకా టైముంది, ఇద్దరం కూర్చుని లాగించేస్తాం. అప్పటికి నిజంగానే చెప్పాలనుకుంది. ఆ మాత్రం నమ్మండి.

గది తలుపు తీస్తే కావేరి ఫోన్‌లో ఉంది. స్పీకరులో లక్ష్మీపతి గొంతు.

"సుధమ్మ వచ్చిందా? బిడ్డా, నువ్వు మా పిల్లకు దొరికినవు, ఇగ నాకు రంది లేదు. పరీక్ష దగ్గరికొస్తే అందరు అది చదువు ఇది చదువు అని ఆగం చేస్తరు. నువ్వేమో ప్లాన్ మార్చనే మార్చొద్దన్నవట. ఎంత మంచి మాట చెప్పినవు బిడ్డా."

"అయ్యో, నాదేముందండి అంకుల్" అంది సుధ.

నాదేముంది అన్న ఆ మాట ఒక్కటీ నిజం. ఆయన ఫోన్ పెట్టేశాక కావేరి "ఏదో చెప్పనీకి వచ్చినట్టున్నవు, ఏంది?" అని అడిగింది. "ఏం లేదే, పాలు అయిపోయాయి" అంది సుధ. పాలు అయిపోలేదు.

మర్నాటినుంచి సుధ దొంగతనంగా కన్ను చదవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు లెక్కల పుస్తకం మధ్యలో సినిమా పత్రిక పెట్టుకుని చదివే పిల్లలుండేవాళ్లు. ఈ డాక్టరమ్మ లైబ్రరీలో మందుల పుస్తకం మధ్య ఫోన్ పెట్టుకుని కన్ను చదివింది. మధ్యాహ్నం ఎండకి కూర్చుంటానని డాబా మీదికి పోయి, ఆరేసిన దుప్పట్ల వెనక గోడకానుకుని చదివింది. అదేమి చిత్రమో, భయంతో చదివితే ఆ బొమ్మలన్నీ వేటికవి విడివిడిగా కనబడ్డాయి. ఏళ్లుగా ఎక్కని చదువు గబగబా ఎక్కేసింది.

ప్రతి పూటా చెప్పాలనే అనుకునేది. పొద్దున అనుకుంటే సాయంత్రం చెబుదాం అనిపించేది. సాయంత్రం కావేరి అలిసిపోయి ఉండేది. ఇంకొన్నాళ్లు పోయాక వేరే సాకు దొరికింది. ఇప్పుడు చెబితే కంగారుపడి వచ్చినవి కూడా మర్చిపోతుంది, పాపం, చెప్పకపోవడమే మంచిది. ఇంత దయ సుధకి ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, ఈవిడ వాటిని తనకి తనే చెప్పుకునేది.

పోటీ పరీక్ష అయినా బావుండేది. నా సీటు పోతుందని దాచాను అంటే దానికి స్వార్థం అని ఒక పేరైనా ఉండేది. ఇందులో కావేరి గట్టెక్కితే సుధకి పోయేదేమీ లేదు, మునిగితే ఒరిగేదేమీ లేదు. ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి నామోషీ. అంతే. అంత చిన్న వస్తువు కోసం అంత పెద్ద పని చేసింది.

పరీక్షకి సుధ సెంటరు నోయిడాలో పడింది, కావేరిది ఫరీదాబాద్‌లో. ఆ పొద్దున పొగమంచు కమ్మేసి ఎదురుగా వచ్చే ఆటో కూడా కనబడటం లేదు. విడిపోయేముందు కావేరి వంగి సుధ కాళ్లకి దండం పెట్టబోయింది. సుధ గభాల్న వెనక్కి జరిగింది. "ఏంటే ఈ చాదస్తం" అని కసిరింది. కసిరింది భయంతో.

హాల్లో కంప్యూటరు ముందు కూర్చున్నాక మొదటి గంట బాగానే నడిచింది. తర్వాత తెర మీద ఒక కన్ను వచ్చింది. ఎర్రబడిన కన్ను, నల్లగుడ్డు మీద చెట్టుకొమ్మల్లా చీలిన పుండు. ఏ చుక్కల మందు వెయ్యకూడదు అని ప్రశ్న. డాబా మీద దుప్పట్ల వెనక చదివిందే. సుధ చేతివేలు దానంతటదే జవాబు మీదికి పోయింది. గుండె సంబరంతో ఎగిరింది. ఇంకో కన్ను వచ్చింది, ఇంకోటి వచ్చింది. మూడోదానికి నొక్కబోతూ ఆగిపోయింది. ఇదే బొమ్మ ఇప్పుడు ఫరీదాబాద్‌లో కావేరి చూస్తూ ఉంటుంది. అక్క వద్దంది కదా, రాదంది కదా అని నోరు తెరుచుకుని చూస్తూ ఉంటుంది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి కంటి ప్రశ్నకీ సుధ సరైన జవాబే పెట్టింది. ఒక్కదానికైనా సంతోషం రాలేదు. ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకుంటూ నొక్కింది. నొక్కడం మాత్రం మానలేదు.

సాయంత్రం మెట్రో స్టేషను మెట్ల దగ్గర కలుసుకున్నారు. కావేరి ముఖం వాడిపోయి ఉంది.

"కన్ను చాన ఇచ్చిండ్రు గదక్కా."

ఇదిగో, దేవుడు ఇంకో అవకాశం ఇచ్చాడు. చేతిలో పెట్టి మరీ ఇచ్చాడు. సుధ దాన్ని కూడా పారేసింది.

"అవునే. నాకూ ఏం తోచలేదు. గుడ్డిగా ఏవో పెట్టేశాను."

కావేరి తలెత్తి సుధ ముఖంలోకి చూసింది. ఎంతోసేపు కాదు, రైలు వస్తోందని మైకులో చెప్పేదాకా. "అచ్ఛా" అంది. "పోదాం పా, చలి పెడ్తుంది."

ఫలితాలు వచ్చిన రోజు కావేరి తన నంబరు చూసుకోలేదు, ముందు సుధ నంబరు వెతికింది. "అక్కా, పాసయినవు" అని లేచి గట్టిగా పట్టుకుంది. నూటయాభైఎనిమిది. సుధ నిలబడ్డచోటే నిలబడింది. ఆ తర్వాత కావేరి మంచం మీద కూర్చుని నెమ్మదిగా తన నంబరు వెతుక్కుంది. నూటనలభైఆరు.

"నాలుగు" అంది కావేరి.

కన్ను ఎన్ని మార్కులకి వచ్చిందో ఇద్దరికీ తెలుసు. కావేరి గొంతు గట్టిగా చేసుకుని ఇంటికి ఫోన్ చేసింది. అవతల లక్ష్మీపతి మార్కులెన్నో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "సుధమ్మ పాసయింది గద, సంతోషం. ఒకసారి ఇయ్యి" అన్నాడు. సుధ ఫోన్ అందుకుంది.

"బిడ్డా, మా పిల్ల రాత గంతే. నువ్వయితే ఒడ్డున పడ్డవు, చల్లగుండు. పోయే ముందట దానికి ఇంకో ప్లాన్ ఏసిచ్చి పో తల్లీ. నీ మాటయితేనే అది ఇంటది."

"అలాగేనండి" అంది సుధ. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. పాసయినవాళ్లు ఇలా ఉంటారా అని పక్కగది అమ్మాయిలు నవ్వారు.

ఆదివారం ద్వారకలో ఉండే సుధ బాబాయి గోవిందరాజులు, పిన్ని సుభాషిణి భోజనానికి రమ్మన్నారు. ఆ అమ్మాయిని కూడా తీసుకురా, ఒక్కతీ దిగులు పడుతుంది అంది పిన్ని. రానని కావేరి అంటే బావుణ్ణనుకుంది సుధ. కావేరి వచ్చింది, తల దువ్వుకుని బొట్టు పెట్టుకుని మరీ వచ్చింది.

తలుపు తియ్యగానే పిన్ని "రావమ్మా డాక్టరమ్మా" అంది. బాబాయి ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాడట. పులిహోర, గుత్తివంకాయ, పూర్ణాలు, పండగ హంగామా. సుధకి ఒక్కో వడ్డనకీ తల కిందికి దిగిపోతోంది. పిన్ని మంచిది. మంచివాళ్లు అడిగే ప్రశ్నలు ఎంత లోతుగా దిగుతాయో వాళ్లకి తెలియదు.

"ఒకే గది, ఒకటే ప్లాను, చెరిసగం పంచుకుని చదివారంటుండేది మా సుధ. మరి తేడా ఎక్కడొచ్చిందమ్మా?"

సుధ గ్లాసు అందుకుంది. నీళ్లు తాగుతున్నట్టు ముఖం దాచుకుంది.

"నేనే జర ఎనుకబడ్డ ఆంటీ" అంది కావేరి. "సుధక్కది మస్తు కష్టం. డాబా ఎక్కి ఎండల కూసుండి గూడ చదివింది."

పిన్ని కూతురు హాసినికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు హిందీలోనే తిరుగుతుంది. పూర్ణం నములుతూ అంది. "సుధ దీదీ నే జో పఢా, ఆప్ భీ వహీ పఢ్ లేతీ. సింపుల్." అక్క చదివిందే నువ్వూ చదివేస్తే సరిపోయేది కదా అని దాని తీర్మానం. అందరూ నవ్వారు. కావేరి కూడా నవ్వింది. సుధకి తల తీసేసినట్టయింది.

"నువ్వేం బెంగ పెట్టుకోకమ్మా" అన్నాడు బాబాయి. "ఇంటర్న్‌షిప్పుకి పోయేలోపు మా సుధ నీకు బ్రహ్మాండమైన ప్లాన్ వేసిస్తుంది. ఏమే సుధా?"

సుధ తలూపింది. వంటింట్లోకి పోయి చెయ్యి కడుక్కునే నెపంతో కుళాయి తిప్పి అలాగే నిలబడింది. ఇక్కడే చెప్పేస్తే? అందరి ముందూ? కుళాయి ఇంకాస్త తిప్పింది. పిన్ని వచ్చి "నీళ్లు పోతున్నాయే" అని కుళాయి కట్టేసింది.

తిరుగు ప్రయాణంలో బస్సు ధౌలా కువాన్ దగ్గర ఆగిపోయింది. ముందూ వెనకా బండ్లు, ఎటూ కదలడం లేదు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి కావేరి ఒళ్లో పడుతోంది. ఆ ఒళ్లో పిన్ని కట్టిచ్చిన పూర్ణాల డబ్బా ఉంది. ఎవరికీ తొందర లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పలేననుకుంది సుధ. కావేరి మళ్లీ ఆరు నెలలు తన ప్లాన్ పట్టుకుని వేలాడుతుంది, మళ్లీ ఎక్కడ వదలమంటే అక్కడ వదిలేస్తుంది.

"కావేరీ, నేను కన్ను చదివానే."

కావేరి కిటికీ వైపే చూస్తోంది.

"నిన్ను వదిలెయ్యమన్నప్పుడు నేను ఒక్క పేజీ కూడా చూడలేదు. చదవలేదని చెప్పడానికి మొహం చెల్లక అలా అన్నాను. తర్వాత భయమేసి నీకు తెలీకుండా చదివాను. పరీక్షలో గుడ్డిగా పెట్టానన్నది కూడా అబద్ధం. అన్నీ తెలిసే పెట్టాను." సుధకి ఏడుపొచ్చేసింది. "నీ నాలుగు మార్కులు నేనే తినేశాను."

ముందు సీట్లో ఆవిడ ఏడుపు విని వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తిరిగిపోయింది.

"నాకెరుకే అక్కా" అంది కావేరి.

"ఏం తెలుసు?"

"నువ్వు చదువుతున్నవని. నువ్వు డాబా ఎక్కుడు షురూ చేసిన దినాలల్లనే ఒకపారి రజాయి ఎండకేద్దామని పైకొచ్చిన. నువ్వు దుప్పట్ల అవుతల కూసున్నవు. ఫోన్ల కన్ను బొమ్మ ఉండె. నువ్వు నన్ను చూడలే."

పరీక్షకి ఇంకా ఎన్నో రోజులుండగా జరిగిన మాట అది. సుధ వేళ్ల మీద లెక్క వేసుకుంది. అప్పటినుంచి చదివినా కావేరి సునాయాసంగా గట్టెక్కేది.

"మరి నువ్వెందుకు చదవలేదు?"

"ఇయ్యాల చెప్తవు, రేపు చెప్తవు అని చూసిన. ప్లాన్ మార్చొద్దన్నవు గద. మారిస్తే నువ్వే మారుస్తవనుకున్న."

"నన్ను అడగొచ్చు కదే. ఒక్కసారి అడిగితే చెప్పేసేదాన్ని. అక్కా నువ్వు చదువుతున్నావు కదా అని ఒక్క మాట అడగొచ్చు కదా."

కావేరి ఇప్పుడు ఇటు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే సుధ తట్టుకునేది.

"అడిగితే నీకు సిగ్గయితదని అడగలే."

సుధ ఇన్నాళ్లూ ఆ సిగ్గు ఎవరికీ కనబడకుండా తనొక్కతే మోస్తున్నానని అనుకుంది. మోసింది తను కాదు. పక్క మంచం మీద పడుకున్న పిల్ల, ఏమీ తెలియనట్టు టీ కలిపి ఇస్తూ, కాళ్లకి దండం పెట్టబోతూ, పిన్ని ఇంట్లో అందరి ముందూ నవ్వుతూ, తన పరీక్ష పోగొట్టుకుని మరీ మోసింది. ఇక్కడే బస్సు దిగి ఎటైనా పోదామనిపించింది సుధకి. దిగి ఎక్కడికి పోతుంది?

"నన్ను తిట్టవే" అంది చివరికి.

"తిడితే ఏమొస్తదక్కా."

ముందున్న బండ్లు కదిలాయి. బస్సు కూడా ఒక కుదుపుతో కదిలింది. సుధ చున్నీతో ముఖం తుడుచుకుని కావేరి చెయ్యి పట్టుకుంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి.

"ఈసారి నేను దగ్గరుండి చూసుకుంటాను. ఇంటర్న్‌షిప్పుకి వెళ్లినా రోజూ ఫోన్ చేస్తాను. ప్రతి సబ్జెక్టూ ముందు నేను చదివే నీకు చెబుతాను. ఒక్కటి కూడా వదలనివ్వను. ఈ రాత్రే కూర్చుని కొత్త ప్లాన్ వేసేద్దాం."

కావేరి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మెత్తగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"వద్దక్కా. నేనే చేసుకుంట."

తమ స్టాపు రాగానే కావేరి డబ్బా పట్టుకుని ముందు దిగింది. మామూలు నడకే నడుస్తోంది, తొందరేమీ పడటం లేదు. అయినా సుధ ఆ పిల్ల పక్కకి వెళ్లి నడవలేక, గది చేరేదాకా వెనకాలే నడిచింది.